జాబితాలో మొదటి ఎనిమిది మంది

ప్రొద్దుటూరులో అమ్మవారిశాల వెనక సందులో, ఒక మేడమీది రెండు గదుల్లో ఉండే కాత్యాయనికి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. యాభైతొమ్మిదేళ్లలో ఆమె మనసారా మెచ్చుకున్న వాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లే ఎక్కువ. పొద్దున్నే కాఫీ గ్లాసుతో బాల్కనీలో నిలబడి, సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీని చూసి మూతి తిప్పుకోవడంతో ఆమె రోజు మొదలయ్యేది. ఎవడో ఒకడి పుట్టినరోజుకు ముప్ఫైమంది మొహాలు. మధ్యలో గుమ్మడికాయంత మొహం, చుట్టూ నిమ్మకాయలంత మొహాలు, అంచుల్లో తపాలా బిళ్లలంత మొహాలు. ఎవరి మొహం ఏ వరుసలో ఉండాలన్న దాని మీద ఒకసారి ఇదే సందులో ఇద్దరు చొక్కాలు చింపుకున్నారు. "మొహం కడుక్కునేదానికి తీరికుండదు గానీ, అచ్చేయించుకునేదానికి మాత్రం కావల్సినంత తీరిక" అని పక్కింటి వాళ్లకు వినబడేలాగే అనేది.

తండ్రి పురోహితుడు. అన్న వేదవ్యాస పులివెందులలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కాత్యాయని ఇరవై ఏళ్లకే టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరైంది. పెళ్లిచూపులకు తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిదోవాడు "ఉద్యోగం మానేస్తావా?" అని అడిగితే "నువ్వు మానేస్తావా?" అని తిరిగి అడిగింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆమెకు ఆ లోటూ తెలియలేదు.

ఆఫీసులో ఆమెది డైరెక్టరీ సీటు. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా డాక్టరు నంబరు కావాలంటే, పుస్తకంలో చూసి చెప్పడమే పని. మిగతా ఆపరేటర్లు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి పెట్టేసేవాళ్లు. కాత్యాయని మాత్రం ముందు తానే ఆ నంబరుకు ఒకసారి ఫోన్ కొట్టి, అవతల మోగితేనే చెప్పేది. మోగకపోతే ఆ వీధిలో మోగే నంబరు ఇంకొకటి వెతికి ఇచ్చేది. ఇలా చేస్తే ఒక్కో మనిషికి రెండు నిమిషాలు పడుతోందని పై అధికారి సంజాయిషీ అడిగితే, "పుస్తకం అచ్చయి మూడేళ్లయింది సార్. సగం మంది ఇళ్లు మారినారు, కొందరు లోకమే వదిలినారు. వాళ్ల నంబర్లు ఇమ్మంటే ఇస్తా, ఆ ముక్క కాగితం మీద రాసియ్యండి" అంది. ఆయన రాసివ్వలేదు. తర్వాత ఆఫీసులో ఇంటర్నెట్టు వచ్చింది, రూటర్లు వచ్చాయి, కాత్యాయని ఫిర్యాదుల బల్లకు మారింది. పదేళ్లు జనం "నెట్ రాల్యా" అని తిడుతుంటే, తీగ ఎక్కడ తెగిందో, పేరు అడిగితే నంబరు చెప్పాల్సిన సర్వరు ఎక్కడ మూగబోయిందో వెతికి పట్టుకోవడం నేర్చుకుంది. ఐదేళ్ల కిందట స్వచ్ఛంద విరమణ ఇస్తే తీసుకుని ఇంటికొచ్చింది. వీడ్కోలు సభలో ఆమె పేరును కార్త్యాయని అని తప్పుగా రాసిన శాలువా పెట్టెను అక్కడే వదిలేసి వచ్చింది.

అలాంటి మనిషి గొర్రెల కాపరుల వ్యవహారంలో తలదూర్చడానికి కారణం మేనల్లుడు విష్ణువర్ధన్. వేదవ్యాస కొడుకు, ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పెన్నా పక్క ఊళ్లలో జీవాలు మేపుకునే వాళ్లకు ఒక సంఘం, ఆ సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేవి. జీవాలంటే గొర్రెలు, మేకలు. ఎక్కడ రోగం తగిలిందో, ఎక్కడ టీకాలు వేస్తున్నారో చెప్పుకోవడానికని పెట్టిన గ్రూపు అది. దాని అడ్మిను సంఘం అధ్యక్షుడు రాఘవేంద్ర. జమ్మలమడుగులో కాంట్రాక్టులు చేస్తాడు. వాళ్ల తాత గొర్రెలు కాచాడు, తండ్రి గొర్రెలు కాచాడు, ఆయన గొర్రెను చూసేది పళ్లెంలోనే. రోజూ పొద్దున గులాబీపువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పేవాడు. తిరిగి శుభోదయం చెప్పని వాళ్లను గుర్తుపెట్టుకునేవాడు. మీటింగు ఎప్పుడని రెండుసార్లు అడిగినందుకు చిన్నసుబ్బయ్య అనే ముసలి కాపరిని గ్రూపులోంచి తీసేశాడు. ఎన్నికలొచ్చినప్పుడు తన పార్టీ కాని వాళ్లను తీసేస్తే సగం గ్రూపు ఖాళీ అయింది.

"అసలు అడ్మినే లేకపోతే ఎట్లుంటాది, అత్తా?" అన్నాడు విష్ణువర్ధన్ ఒకరోజు.

"స్వర్గం మాదిరి ఉంటాది. కానీ వాళ్లు ఉండనీరు" అంది కాత్యాయని.

వాడు చపాతీ డబ్బా అంత పెట్టెలు తయారుచేశాడు. పెట్టెకు ఒక మీట, ఒక స్పీకరు. మీట నొక్కి మాట్లాడితే ఆ మాట ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు, ఆ పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పాకుతూ అందరికీ చేరుతుంది. చదువు అక్కర్లేదు. మధ్యలో పెద్ద సర్వరు లేదు, యజమాని లేడు, ఒకణ్ణి తీసేసేవాడు లేడు. అన్ని పెట్టెలూ సమానం. ఒక్కటే చిక్కు. కరెంటు పోయి వచ్చిన పెట్టెకు తన తోటి పెట్టెలు ఎక్కడున్నాయో తెలియదు. ఇంటర్నెట్టు అడ్రసులు ఊరికే మారిపోతుంటాయి, నిన్నటిది ఇవాళ పనికిరాదు. కాబట్టి లేవగానే పెట్టె ఎవరో ఒకరిని అడగాలి.

"ఎవర్ని అడగాలంటావు, అత్తా?"

"నన్ను" అంది కాత్యాయని. ఆమె ముఖంలో సంతోషం లాంటిది కనిపించడం విష్ణువర్ధన్ ఎప్పుడో గాని చూడలేదు.

ఆమె ఇంటికి మారని అడ్రసుతో తీగ కనెక్షను ఉంది. అక్కడ ఒక పాత కంప్యూటరులో, పేరు అడిగితే అడ్రసు చెప్పే డీఎన్ఎస్ సర్వరు పెట్టారు. ప్రతి పెట్టెలోనూ ఒకే ఒక పేరు రాసిపెట్టారు. లేచిన పెట్టె ఆ పేరు పలికితే, ప్రశ్న తిరిగి తిరిగి కాత్యాయని కంప్యూటరుకు వస్తుంది, అది ఎనిమిది అడ్రసులు జవాబిస్తుంది. ఆ ఎనిమిదిలో ఒక్కటి తలుపు తీసినా చాలు, మిగతావాళ్ల సంగతి అదే చెబుతుంది. ఎనిమిదీ పలక్కపోతే, బ్యాటరీ అయిపోకుండా పెట్టె ఆరు గంటలు పడుకుని మళ్లీ అడుగుతుంది. సిమ్ముతో నడిచే పెట్టెలు బయటికి పిలవగలవు గానీ, బయటివాళ్లు వచ్చి వాటి తలుపు తట్టలేరు. కాబట్టి తీగ కనెక్షనున్న అంగళ్లలో, ఇళ్లలో ముందే పెట్టిన ఇరవై మూడు పెట్టెల్లోంచే ఆ ఎనిమిదినీ తీయాలి. దానికోసం ఒక ప్రోగ్రాము అరగంటకోసారి ఇరవై మూడు తలుపులూ తట్టి వస్తుంది. తీసిన వాళ్ల అడ్రసే జవాబులోకి ఎక్కుతుంది, తీయని వాళ్లది దిగిపోతుంది. కాత్యాయని దాన్ని చూసి మేనల్లుడి భుజం తట్టింది. ఇరవై ఏళ్లకు పైగా డైరెక్టరీ సీటులో ఆమె చేతులతో చేసిన పని అది.

కాపరుల్లో పెట్టె తీసుకుపోవడానికి వచ్చిన మొదటి మనిషి అంకాలమ్మ. సింహాద్రిపురం అవతల ఒక పల్లె. నలభై ఐదేళ్లు ఉంటాయి, మొగుడు పోయి ఆరేళ్లు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గడప పక్కన గొంతుక్కూర్చుని, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ పెట్టెకు నేను తెలీను గదమ్మా. నేను పిలిస్తే ఎవరు పలుకుతారు?"

"ఎవరు మేలుకొని ఉంటే వాళ్లు పలుకుతారు."

"అట్లయితే మంచిదే. మా మందలో గూడా అంతే. ఒకటి మేలుకొని ఉన్నా చాలు, నక్క వస్తే అన్నీ లేచ్చాయి."

ఇంజనీరింగ్ పిల్లలకు వారం చెప్పినా ఎక్కని సంగతి ఈమెకు ఒక్కమాటలో ఎక్కింది. కాత్యాయని ఆమెకు కూడా ఒక గ్లాసు కాఫీ కలిపింది. అంకాలమ్మకు డెబ్బై రెండు జీవాలు. అంతకుముందు ఏడాది ముప్ఫై పోయాయి. రోగం పక్క ఊర్లో ఉందని అందరికీ తెలుసట, కొండ కింద ఉన్న ఈమెకు చెప్పినవాళ్లు లేరు.

"నాకు చదువు రాదు, ఆ ఫోను గ్రూపు నాకేం తెలుస్తాదమ్మా? ఈ డెబ్బై రెండు గూడా పోతే ఇంగ నేను టమాటా తోటల్లో కూలికి పోవల్ల. దీంట్లో మనిషి గొంతు వస్తాదంటే వచ్చినా."

"వస్తాది. పచ్చ లైటు ఉంటే అందరితో కలిసినట్టు. పసుపుపచ్చ లైటు ఉంటే వెతుకుతాండాదని అర్థం. వెతుక్కుంటాది, నువ్వేం ముట్టుకోవద్దు" అని చెప్పి పంపింది కాత్యాయని.

మూడు నెలల్లో పెట్టెలు నూట ముప్ఫై అయ్యాయి. జమ్మలమడుగులో పశువుల మందుల అంగడి పెట్టుకున్న కలీం, ఎక్కడ ఏ రోగం వచ్చిందో రోజూ తన గొంతుతో చెప్పేవాడు. గొడవ లేకుండా సాగిపోతున్న పని అది. గొడవ లేకుండా సాగేదాన్ని మన పెద్దలు చూస్తూ ఊరుకోలేరు కాబట్టి, సంఘం కార్యవర్గం దానికి ప్రారంభోత్సవం పెట్టింది.

పులివెందులలో కల్యాణ మండపం. మూడు నెలలుగా నడుస్తున్న దానికి రిబ్బను కట్టి కత్తిరించారు. ఫ్లెక్సీ మీద ఎనిమిది మంది కార్యవర్గం నిలువెత్తున, ఎక్కడో మూలన ఒక గొర్రెపిల్ల. వాళ్లలో వేదవ్యాస గౌరవ సలహాదారు. ఇరవై నిమిషాలు మాట్లాడి, వేదకాలంలోనే ఇలాంటివి ఉండేవని తేల్చాడు. కాత్యాయని ఆఖరి వరుసలో కూర్చుని గోళ్లు చూసుకుంది. చివర్లో విష్ణువర్ధన్ తెర మీద చూపించాడు: ఇదిగో పెట్టె లేచింది, ఇదిగో పేరు అడిగింది, ఇదిగో జవాబు వచ్చింది. జవాబులో మొదటిది జమ్మలమడుగు బస్టాండు దగ్గర దిల్షాద్‌బీ టీ అంగడి. రెండోది ప్రొద్దుటూరులో ఫకీర్ సాహెబ్ మటన్ అంగడి. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

రాఘవేంద్ర లేచి నిలబడ్డాడు. "ఏందప్పా ఇది? అధ్యక్షుని పెట్టె యాడ?"

"మీ పెట్టె ఆఫ్‌లో ఉంది సార్."

"ఆఫ్‌లో ఉంటే? నేను అధ్యక్షుణ్ణి కాకుండా పోతానా? పత్రిక అచ్చేస్తే ముందు ఎవరి పేరు వేస్తారు? శిలాఫలకం మీద ముందు ఎవరి పేరు చెక్కుతారు? మొదుట కార్యవర్గం ఎనిమిది మందీ ఉండల్ల. టీ అంగళ్లూ మటన్ అంగళ్లూ ఆ తర్వాత. వచ్చినోడు మొదుట మాకాడికి రావల్ల, మేం పంపిస్తాం."

ఇన్నాళ్లూ పెట్టెను అద్దాల బీరువాలో షీల్డుల పక్కన పెట్టుకున్నవాడు ఈ మాట అన్నాడు. మిగతా ఏడుగురిదీ అదే తీరు. వేదవ్యాస తన పెట్టెను దేవుడి గదిలో పెట్టి కుంకుమ బొట్టు పెట్టాడు. ఆన్ చేస్తే పాడవుతుందట.

కాత్యాయని లేచింది. "జవాబులో పట్టేదే ఎనిమిది, రాఘవేంద్రా. ఆ ఎనిమిదీ మీరే అయి, మీరు పలక్కపోతే, లేచిన పెట్టె ఎవర్ని అడగల్ల?"

"అమ్మా, మీరు టెలిఫోన్ ఆపరేటరు. కలపమన్నోళ్లకు కలపడమే మీ పని. ఎవర్ని ముందు కలపాలో మేం చెప్తాం" అన్నాడు రాఘవేంద్ర, నవ్వుతూనే. హాలంతా నవ్వింది. వేదవ్యాస కూడా నవ్వాడు. "మర్యాదకు ఒక వరుస అనేది ఉంటుంది కదా కాత్యా" అన్నాడు అన్నగారు.

ఒళ్లు మండిపోయింది కాత్యాయనికి. ఆ నవ్వుల మధ్య నిలబడి, ఒక్కొక్క మొహమూ చూసింది. "సరే" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు వాళ్లకు అనుమానం కూడా రాలేదు, దానికి కాస్త బుర్ర ఉండాలి కదా.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో విష్ణువర్ధన్ గొంతు తగ్గించి చెప్పాడు. "అత్తా, వాళ్లకు చూపించే కాగితం ఒకటి వేరే తయారుచేద్దాం. అందులో వాళ్ల పేర్లు ముందేద్దాం. అసలు జాబితా మాత్రం అట్లే ఉండనీ. వాళ్లకు తేడా తెలీదు."

"ఆ ఎదవల కోసం నేను అబద్ధమాడల్నా?"

"అబద్ధం కాదు, అత్తా..."

"అడిగినారుగా, ఇస్తా. రేపు ఒక్కొక్కడూ కొత్త పెట్టె పెట్టుకుని, అది ఎవరితోనూ కలవక, నా మెట్లెక్కి వస్తాడు చూడు. అప్పుడు చెప్తా ఆపరేటరంటే ఏందో."

విష్ణువర్ధన్‌కు హైదరాబాదులో వేరే ఉద్యోగం వచ్చింది. ఆ వారంలోనే వెళ్లాలి. తండ్రితోనూ అత్తతోనూ తగువు పెట్టుకునే ఓపిక లేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున కాత్యాయని కాఫీ తాగి, కంప్యూటరు ముందు కూర్చుని, ఎనిమిది అడ్రసులు చేత్తో టైపు చేసింది. తలుపు తట్టి చూసే ప్రోగ్రాము వాటిని ముట్టుకోకుండా మేకు దిగ్గొట్టినట్టు దిగ్గొట్టింది. ఎనిమిదిలో ఒక్కటీ పలకదని ఆమెకు తెలుసు. అప్పటికే ఒకరినొకరు ఎరిగి నడుస్తున్న పెట్టెలకు ఏమీ కాదనీ తెలుసు, అవి అడగనే అడగవు. కొత్తగా పెట్టేవాటికి, ఆగిపోయి లేచినవాటికే తిప్పలు. మొదట తగిలేది రాఘవేంద్ర బావమరిదికే అని లెక్క వేసుకుంది. పులివెందులలో వాడు పదిమందిని పిలిచి కొత్త పెట్టె పెట్టిస్తాడని విన్నది. ఆ సీను తలచుకుని ఒక్కతే నవ్వుకుంది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. బావమరిది పెట్టెను షోకేసులో పెట్టించుకున్నాడు, ప్లగ్గే పెట్టలేదు. కాత్యాయనికి చిరాకేసింది. వీళ్లు ఓడిపోవడానికి కూడా కష్టపడరు.

మే నెలలో ఒక సాయంత్రం పెద్ద గాలి వచ్చి పులివెందుల చుట్టుపక్కల స్తంభాలు పడిపోయాయి. చాలాచోట్ల పెట్టెల బ్యాటరీలు అయిపోకముందే కరెంటు వచ్చింది గానీ, ఒకటి రెండు పల్లెలకు నాలుగు రోజులకు గాని రాలేదు. ఆ తర్వాతి రోజు కంప్యూటరులో కాత్యాయనికి ఒక ప్రశ్న కనిపించింది. ఏదో ఒక పెట్టె పేరు అడిగింది, ఎనిమిది అడ్రసులు తీసుకుంది. ఆరు గంటలకు మళ్లీ అడిగింది. మళ్లీ ఆరు గంటలకు మళ్లీ. ఏ సిమ్ము కంపెనీ ద్వారా వచ్చిందో తెలుస్తుంది గాని, అడిగిన పెట్టె ఎవరిదో డీఎన్ఎస్‌లో తెలియదు. కాత్యాయని కుర్చీలో వెనక్కి వాలి, "బావమరిదిగారు నిద్ర లేచినట్టున్నారు" అనుకుంది. రోజుకు నాలుగుసార్లు ఆ ప్రశ్న వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమెకు లోపల చల్లగా ఉండేది. "తట్టు నాయనా, తట్టు. మీ బావ తలుపే అది" అని ఒకసారి పైకే అంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే మెట్లెక్కి వస్తాడని, వస్తే గడప బయటే నిలబెట్టాలని అనుకుంది.

ఆ రోజుల్లోనే కాత్యాయని తన ఇంట్లో ఉంచుకున్న పెట్టెలో కలీం గొంతు వినిపించింది. జమ్మలమడుగు పక్క మైలవరం రిజర్వాయరు అంచున మేసే మందల్లో, విరేచనాలు పట్టి జీవాలు చచ్చే పారుడు రోగం కనిపించింది, ఎవరూ జీవాలను అటు తోలవద్దు, టీకా వేయనివాళ్లు వెంటనే వేయించండి అని. కాసేపట్లోనే పదిచోట్ల నుంచి "విన్నాం" అని జవాబులొచ్చాయి. సగం దారిలో ఉన్న చిన్నసుబ్బయ్య మందను వెనక్కి తిప్పానని చెప్పాడు. కాత్యాయనికి గర్వంగా అనిపించింది. సంఘం మొత్తం మీద పనికొచ్చేది తన కంప్యూటరొక్కటే అనుకుంది.

పద్దెనిమిది రోజులు ఆ ప్రశ్న వచ్చింది. పందొమ్మిదో రోజు ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కాత్యాయని జుట్టు సరిచేసుకుని, మొహం గట్టిగా పెట్టుకుని తలుపు తీసింది.

అంకాలమ్మ. చేతిలో పాత తువాలులో కట్టిన మూట. మనిషి సగమైంది.

"పెట్టె తిరిగిచ్చి పోదామని వచ్చినానమ్మా. నేనే ఏమన్నా తప్పు మీట నొక్కినానేమో, పాడు చేసినా. కరెంటు వచ్చినకాడ్నించి పసుపుపచ్చ లైటే వెలుగుతాండాది. మీరు ముట్టుకోవద్దన్నారని ముట్టుకోల్యా."

"ఎప్పట్నించి?"

"గాలివాన అయినకాడ్నించి. ఎవురూ ఏమీ చెప్పల్యా. చెప్పల్యా అంటే యాడా ఏమీ లేదనుకుంటి. ఊర్లో గడ్డి లేదు, మైలవరం తట్టు తోలుకపోతి. అందరూ పోయేదాడికే గదా. ఆడ పారుకోను మొదులుపెట్నాయి, నోర్లు పుండ్లయినాయి. పంతొమ్మిది మిగిలినాయమ్మా."

కాత్యాయని మూట అందుకుని, విప్పి, పెట్టెను తన బల్ల మీద పెట్టి కరెంటు తీగ తగిలించింది. పసుపుపచ్చ లైటు వెలిగింది. కంప్యూటరులో ఆ ప్రశ్న వచ్చింది, అదే ప్రశ్న, పద్దెనిమిది రోజులు రోజుకు నాలుగుసార్లు వచ్చినది. ఎనిమిది అడ్రసులు జవాబుగా వెళ్లాయి. ఎనిమిదీ పలకలేదు.

ఆమె ఎనిమిది వరుసలూ చెరిపేసి, తలుపులు తట్టే ప్రోగ్రామును మళ్లీ నడిపించింది. అర నిమిషం కూడా పట్టలేదు. పెట్టెను ఆపి మళ్లీ లేపింది. ఈసారి దిల్షాద్‌బీ టీ అంగడి మొదటి తట్టుకే తలుపు తీసింది. లైటు పచ్చగా మారింది.

"బాగైందా?" అని అంకాలమ్మ గబగబా దగ్గరికి వచ్చింది. అంతలో పెట్టె మాట్లాడింది. ఇన్నాళ్లూ చేరకుండా ఆగిపోయిన కబుర్లను వరుసగా చెప్పడం దాని పని. మొదట వచ్చింది కలీం గొంతు.

"అందరికీ సలాం. నేను కలీం, జమ్మలమడుగు మందుల అంగడి. మైలవరం డ్యాము అంచున మందల్లో పారుడు రోగం ఉండాది. అటు తట్టు ఎవరూ జీవాల్ని తోలొద్దండి. ముఖ్యంగా పులివెందుల, సింహాద్రిపురం తట్టు నుంచి వచ్చేవాళ్లు, ఉన్నోళ్లు ఉన్నకాడనే ఆగండి. శానా చెడ్డగా ఉండాది."

అంకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చివరిదాకా వింది.

"ఇది ఎప్పుడు చెప్పినాడమ్మా?"

కాత్యాయని తేదీ చూసి చెప్పింది. అంకాలమ్మ వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టుకుంది.

"ఆ పొద్దు నేను ఇంగా ఇంటికాడనే ఉండా" అంది. "పక్కరోజు తెల్లారి కదిలినా."

కింద సందులో ఎవడో ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ మైకులో అరుస్తున్నాడు. అంకాలమ్మ పెట్టె వైపు వేలు చూపింది.

"మరి ఈ పొద్దు పలికిన పెట్టె అప్పుడు ఏంటికి పలకల్యా? నేనేం తప్పు చేసినా?"

"నువ్వేం చెయ్యలేదు. పెట్టె కూడా బాగానే ఉంది. అది నన్ను అడిగింది. నేను దానికి పలకని వాళ్ల అడ్రసులు ఇచ్చినా." కాత్యాయని అంతటితో ఆపకుండా అంది: "ఆ రాఘవేంద్ర, మా అన్న, వాళ్లంతా తమ పేర్లే ముందుండల్ల అని పట్టుబట్టినారు. మీటింగులో అందరి ముందర..."

"వాళ్లు పలకరని వాళ్లకు తెలుసునా?"

"వాళ్లకేం తెలుస్తుంది? ఆ పెట్టె దేనికో కూడా తెలీదు."

"నీకు?"

"తెలుసు" అంది కాత్యాయని.

అంకాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇంతవరకూ మీరు, మీరు అన్న మనిషి.

"వాళ్లంటే పేరు కోసం చేసినారు. నువ్వు దేనికి చేసినావమ్మా?"

కాత్యాయని దగ్గర జవాబు ఉంది. దాన్ని చెప్పకుండా దాటేసే తెలివి కూడా ఉంది. కానీ ఆ మనిషి కళ్లముందు అబద్ధమాడే ముఖం ఆమెకు లేదు. పద్దెనిమిది రోజులు కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నది గుర్తొచ్చి, జీవితంలో మొదటిసారి తనంటే తనకు అసహ్యం వేసింది. రాఘవేంద్ర మీద కూడా అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

"వాళ్ల పరువు పోతే చూద్దామని" అంది.

అంకాలమ్మ పెట్టె తీగ ఊడబీకి, తువాలులో మళ్లీ కట్టుకుంది. తిరిగిచ్చి పోవడానికి వచ్చిన మనిషి ఎందుకో ఇవ్వలేదు. ఇంకా పంతొమ్మిది ఉన్నాయి. మూట చంకన పెట్టుకుని గడప దాటి, వెనక్కి తిరిగింది.

"చూసినావా మరి?" అని అడిగింది.

 అంకాలమ్మ మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది.